సాయిలు పేరు మీద రాసిన తప్పులు

బట్ట చెకింగ్ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను ఎప్పుడు చేరాను, ఎప్పుడు ఎవరు పై పనికి ఎక్కించారు లాంటివి మీకు పనికిరావు. నాకే పనికిరాలేదు. సూరత్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు ఇతరులు నేసిన బట్టలో తప్పులు వెతికాను. యాభై మూడో ఏట కుడికన్ను మసకబారింది. తప్పు కనబడని చెకర్ ఎవరికీ అక్కర్లేదు కాబట్టి నా అంతట నేనే మానేశాను.

ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో నేను చేసిన అసలైన తప్పు ఒకటి చెబుతాను. అది బట్టకు సంబంధించినదే, కానీ దాంట్లోకి మా చర్చి కూడా వస్తుంది. మతం మాటలు పడనివాళ్ళు భయపడనక్కర్లేదు. ఇందులో నాకు పుణ్యాత్ముడన్న పేరేమీ రాదు.

అద్దం, సుద్దముక్క

ఏడో తరగతి తప్పి జగిత్యాల దిక్కు నుంచి వచ్చినవాణ్ణి. లెక్కలు ఎవరూ నేర్పలేదు. మగ్గాల షెడ్డులో ఒక చిన్న భూతద్దం ఉంటుంది. దాన్ని బట్ట మీద పెట్టి చూస్తే అంగుళంలో అడ్డంగా నేసిన పేక పోగులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టొచ్చు. అద్దం కింద పోగులు లెక్కపెడుతూ కూడికలు, సగటులు, శాతాలు నాకు నేనే నేర్చుకున్నాను. ఆ తర్వాత లెక్కపెట్టకుండా ఉండటం చేతకాలేదు. మెట్లు ఎక్కితే మెట్లు, పెళ్ళికి వెళ్తే విస్తర్లు. షెడ్డులో అందరూ నన్ను మీటర్ రాజేశం అనేవాళ్ళు. మెచ్చుకుంటున్నారనుకునేవాణ్ణి.

నా మొదటి పై అధికారి ఒక ముసలి ముకాదం. ఆయన ఒకసారి నాచేత ఒకే తాకా, అంటే సుమారు వంద మీటర్ల చుట్ట, రెండుసార్లు చెక్ చేయించాడు. పొద్దున తొమ్మిది తప్పులు దొరికాయి, మధ్యాహ్నం ఏడు. బట్ట మారిందా, నువ్వు మారావా అని అడిగి, జవాబు వినకుండా టీకి వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్న నేను పదిలంగా దాచుకున్నాను. దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత కావలసినప్పుడు మాత్రం బయటికి తీయలేదు.

పని ఇది. బల్ల మీద దీపం వెలుతురులో బట్ట లాగుతూ ఉంటే పేక తప్పిన చోటు, నిలువు పడుగు పోగు తెగిన చోటు, నూనె మరక కనబడతాయి. అక్కడ సుద్దతో గుర్తు పెట్టాలి. కొత్తవాళ్ళు ఇదే కష్టమనుకుంటారు. తప్పు దొరకడం తేలిక, కళ్ళుంటే చాలు. అది ఎవరిదో తేల్చడమే కష్టం. ఎందుకంటే ఒకే మగ్గం మీద పగలు ఒకడు, రాత్రి ఒకడు నేస్తారు. డ్యూటీ దిగేవాడు తను నేసింది ఎక్కడ ఆగిందో అంచు మీద రంగు చాక్‌తో గీత గీసి తన నంబరు వేస్తాడు. ఆ గీతకు ఒక పక్కది ఇతనిది, రెండో పక్కది అతనిది.

ఏ పక్కది ఎవరిది? మగ్గం మీద బట్ట చుట్టుకుంటూ పోతుంది కాబట్టి ముందు నేసింది లోపల ఉంటుంది, చివర నేసింది పైన ఉంటుంది. బల్ల మీద చుట్ట విప్పితే చివర నేసింది ముందు వస్తుంది. అంటే బల్ల మీద గీత దాటాక వచ్చే బట్ట గీత గీసినవాడిది. ఇది నాకు నిద్రలో కూడా తెలుసు. నా కొంప ముంచింది అదే, నిద్రలో తెలిసినదాన్ని మెలకువలో మళ్ళీ చూసుకోలేదు.

పాయింట్లతో సహా సాక్ష్యం

మా సంఘం పర్వత్ పాటియాలో చీరలు ప్యాక్ చేసే గోదాము మీది అంతస్తులో కూడుతుంది. అరవై నాలుగు మందిమి. నేను సంఘ కార్యదర్శిని. అంటే హాజరు రాసేవాణ్ణి. అక్కడితో ఆగలేదు. ప్రసంగంలో ఎవరు ఎన్నిసార్లు కునికారో కూడా నాకు లెక్క ఉండేది. పాస్టర్ గారి ప్రార్థన సగటున ఇరవై రెండు నిమిషాలు. దేవుడు పాపాలు లెక్కపెట్టడని వాక్యం చెబుతుంటే, ఆయన వదిలేసిన పని ఎవరో ఒకరు చూసుకోవాలి కదా అన్నట్టు నేను ముందు వరుసలో కూర్చునేవాణ్ణి.

మా షెడ్డులో సాయిలు, నర్సయ్య అని ఒకే మగ్గాల మీద పనిచేసే జోడీ ఉండేది. సాయిలు చేయి మంచిది, తాకాకు మూడు తప్పులు మించేవి కావు. నర్సయ్యవి పదకొండుకు తగ్గేవి కావు. ఇద్దర్నీ చర్చికి పిలిచాను. నర్సయ్య వచ్చాడు. సాయిలు నవ్వి, "ఆదివారం ఒక్కరోజు పండుకుంటనే అన్నా. మీ దేవుడు గూడ ఒకరోజు పని బందువెట్టిండటగద" అన్నాడు.

నర్సయ్య చర్చికి రావడం మొదలుపెట్టిన నెలలోనే అద్భుతం జరిగింది. అతని తప్పులు పదకొండు నుంచి మూడుకు దిగాయి. అదే నెలలో సాయిలువి మూడు నుంచి పదకొండుకు ఎక్కాయి. పదకొండు మూడై, మూడు పదకొండైతే పలక పట్టిన పిల్లవాడికైనా అనుమానం రావాలి. నాకు భక్తి వచ్చింది.

సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాను. పదకొండు పాయింట్ రెండు నుంచి మూడు పాయింట్ నాలుగుకు అని పాయింట్లతో సహా చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఊరుకోవచ్చు కదా. అవే మగ్గాల మీద ఇంకొకడున్నాడు, పిలిస్తే రాలేదు, వాడి గతి చూడండి అని కూడా అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, సగం సంఘం మా చుట్టుపక్కల షెడ్లవాళ్ళే. షెడ్డులో టీ దగ్గర కూడా అదే మాట అన్నాను, అక్కడైతే పేరుతోనే.

అదే నెలలో మా శేఠ్ ఒక కొత్త మెషిన్ కొన్నాడు. మగ్గం నుంచి దింపిన చుట్టను విప్పి, పొడవు కొలిచి, మళ్ళీ చుట్టి నా బల్లకు పంపే మెషిన్. మీటర్లు దానంతట అదే చూపిస్తుంటే నాకు ముచ్చటేసింది. ఒకసారి విప్పి మళ్ళీ చుడితే లోపలిది పైకి, పైది లోపలికి పోతుందన్న సంగతి మాత్రం తట్టలేదు. అంటే ఇప్పుడు బల్ల మీద ముందు నేసిందే ముందు వస్తోంది. గీత దాటాక వచ్చేది రెండోవాడి బట్ట. నేను మాత్రం పాత పద్ధతిలోనే నర్సయ్య తప్పులన్నీ సాయిలు పేరు మీద, సాయిలు మంచితనమంతా నర్సయ్య పేరు మీద రాస్తూ పోయాను. మిగతా జోడీల్లో ఇద్దరివీ దాదాపు ఒకే లెక్క కాబట్టి తేడా ఎవరికీ తెలియలేదు.

సాయిలు నాతో గొడవపడి ఉంటే బాగుండేది. అతను నా లెక్కను నమ్మాడు. తన చేతికే ఏదో అయిందనుకున్నాడు. తంబాకు మానేశాడు. టీకి కూడా మగ్గం వదలడం మానేశాడు. నా దగ్గరకు వచ్చి, జర చూపించన్నా, ఎక్కడ తప్పుతున్న అని అడిగేవాడు. నేను చూపించేవాణ్ణి. అతను వేరేవాడి తప్పుల ముందు తలవంచుకుని నిలబడేవాడు. ఎంత జాగ్రత్త పడినా పదకొండు పదకొండుగానే ఉండేది, ఉండక ఏం చేస్తుంది? ఏడో నెలలో షెడ్డు నడిపే మాస్టర్ అతన్ని మగ్గాల మీంచి దింపి, పడుగు చుట్టిన బరువైన బీములు మోసే పనిలో పెట్టాడు. వచ్చే శనివారం ఆఖరి డ్యూటీ అన్నాడు. డ్యామేజ్ సాయిలు అన్న పేరు చుట్టుపక్కల షెడ్లన్నింటికీ పాకింది. ఆ పేరుతో ఊరవతల పల్సానా దాకా వెళ్ళినా ఎవడూ మగ్గం ఇవ్వడు.

ఎడమచేతి ముడి

నా బల్ల పక్కన పోసవ్వ కూర్చునేది. నేను గుర్తు పెట్టిన చోట ఆమె సూదితో బాగుచేసేది, పోగుల ముడులు కత్తిరించేది. నాకంటే పదేళ్ళు పెద్ద. మా సంఘంలోనే చివరి వరుస. పాస్టర్ గారు బాప్తిస్మంలో ప్రిస్కిల్ల అని పేరు పెట్టారు కానీ, పిలిస్తే ఆమే పలికేది కాదు. నా లెక్క ప్రకారం ప్రసంగానికి నాలుగుసార్లు కునికేది.

ఆ సోమవారం, సాయిలు మగ్గం దిగకముందు నేను అతని పేరు మీద రాసిన బట్ట ఆమె ఒళ్ళో ఉంది. కత్తెర ఆపి, "రాజేశం, ఈ ముళ్ళు సాయిలువి గావు" అంది.

ముడులు చెకింగ్ లెక్కలోకి రావన్నాను.

"సాయిలు ఎడమచేతోడు. ఆయన ముడి తోక గిటు దిక్కుంటది. ఇండ్ల ఒక్కటన్న ఉన్నదా సూడు. తాకా తిప్పి సుట్టుకొస్తుంది గద ఆ కొత్త మెషిన్ల. నువ్వు గీతకు అటుది ఇటు, ఇటుది అటు రాస్తున్నవ్."

ముప్పై ఏళ్ళ అనుభవం గురించి ఆమెకు చెప్పాను. సగటుల గురించి చెప్పాను. ఆమె అంతా విన్నది.

"నీ లెక్క తప్పని నేనన్నానా? అది ఎవని నెత్తిన వెట్టినవో సూస్కోమంటున్న. ఒకని తప్పులు ఇంకొకడు మోసుడు ఒక్కసారే అయింది, సిలువ మీద. మళ్ళ నువ్వు సూరత్ల మొదలువెట్టకు."

నాకు కోపం వచ్చింది. మాట తప్పని కాదు. చివరి వరుసలో కునికే మనిషి ముందు వరుసవాడికి వాక్యం చెప్పిందని. అక్కా, నీ పని నువ్వు చూసుకో అన్నాను. ఆమె కత్తెర తీసుకుంది.

రెండు రోజులు ఊరుకున్నాను. ఆ రెండు రోజులూ నేనేం ఆలోచించానో దాచను. సాయిలు గురించి కాదు. నా సాక్ష్యం విన్న అరవై నాలుగు మంది గురించి. శనివారానికి ఇంకా ఐదు రోజులు, నాలుగు రోజులు అని లెక్కపెడుతూ కూర్చున్నాను. లెక్క వచ్చినవాడికి పిరికితనం కూడా క్రమపద్ధతిలో వస్తుంది.

బుధవారం పొద్దున ఏడింటికి డ్యూటీ మారేటప్పుడు నర్సయ్య మగ్గం దగ్గరకు వెళ్ళాను. సాయిలు జాగాలో వచ్చిన కొత్తవాడు గీత గీసి దిగాడు. నర్సయ్య నేయడం మొదలుపెట్టాక, గీత దాటి జానెడు దూరంలో అంచుకు ఒక ఎర్ర దారం కట్టాను. అది నర్సయ్య బట్ట, అందులో ఏ అనుమానమూ లేదు. గురువారం ఆ తాకా నా బల్ల మీదికి వచ్చింది. బట్ట లాగాను. ముందు గీత వచ్చింది. దాని వెనక జానెడు దూరంలో ఎర్ర దారం వచ్చింది, ఏడు నెలలుగా నేను సాయిలు పేరు రాస్తున్న పక్కన.

పోసవ్వ చూసింది. సూదిలో దారం ఎక్కించుకుంది. ఒక మాట అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఇద్దరు పెద్దలు, ఒకే సలహా

శేఠ్ దగ్గరకు వెళ్ళి చెప్పాను. మెషిన్ గలత్ హై యా తుమ్, తప్పు మెషిన్‌దా నీదా అని అడిగాడు. మెషిన్ బాగానే ఉంది శేఠ్, నేనే అన్నాను. పెద్దగా నవ్వాడు. సాయిలును మగ్గం మీదికి ఎక్కించమని మాస్టర్‌తో చెబుతానన్నాడు. కానీ ఎందుకో ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెకర్ ఒకసారి తప్పాడని తెలిస్తే రేపటి నుంచి మగ్గం నడిపే ప్రతి కారీగర్ ప్రతి తప్పుకూ వాదిస్తాడట.

పాస్టర్ గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నారు. సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుంటే బలహీనుల విశ్వాసం దెబ్బతింటుంది బ్రదర్, మీలో మీరు ఒప్పుకుంటే చాలు అన్నారు. ఆ రోజు ప్రార్థన ఐదు నిమిషాల్లో ముగించారు.

ఒక శేఠ్, ఒక పాస్టర్ ఒకే రోజు ఒకే సలహా ఇచ్చారు. నాకు హాయిగా అనిపించింది. బల్ల దగ్గరకు తిరిగొస్తే పోసవ్వ ఒక్కటే అడిగింది: "సాయిలుకు చెప్పినవా?"

బీముల దగ్గరకు వెళ్ళాను. అతని భుజం మీద గోనెపట్టా ఉంది. మెషిన్ సంగతి, గీత సంగతి, ఎర్ర దారం సంగతి వరసగా చెప్పాను. భుజం మీది పట్టా తీసి మడతపెట్టాడు.

"ఏడు నెలలా?"

"ఏడు నెలల పది రోజులు" అన్నాను. నా నోరు అక్కడ కూడా ఊరుకోలేదు.

"గింత సక్కగ లెక్కవెట్టినవ్ గదనే" అన్నాడు. తన చేతులు తిప్పి చూసుకున్నాడు. "నా చేతులే ఖరాబైనయనుకున్న. మా ఆడామెతోని గూడ గదే చెప్పిన."

నేను క్షమించమన్నాను. అతను తల ఊపలేదు.

"అందరి ముంగట అన్నవ్. అందరి ముంగటనే చెప్పు. చెవుల చెప్పకు."

ఏడు గంటల టీ

శనివారం పొద్దున రెండు డ్యూటీలవాళ్ళూ టీ దగ్గర కలిసే సమయంలో చెప్పాను. నలభై మంది దాకా ఉన్నారు. ఇదొక్కటి సరిగ్గా లెక్కపెట్టలేకపోయాను. నెలవారీ అంకెలు కాగితం మీద రాసుకుని తెచ్చాను. సాయిలు వెనక నుంచి "అంకెలొద్దన్నా" అన్నాడు. కాగితం జేబులో పెట్టుకున్నాను. అంకెలు లేకుండా చెప్పాల్సింది చాలా కొంచెమే మిగిలింది. సాయిలు బట్ట బాగానే ఉంది, నేను చూసిందే తలకిందులు, అతని గురించి నేనన్న మాటలు అబద్ధం. అంతే.

మీటర్ అన్న ఇన్నేండ్లూ అద్దం ఉల్టా పట్టుకున్నడని ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు. సాయిలు నవ్వలేదు. గ్లాసు కడిగి పెట్టి వెళ్ళాడు, ఆ రాత్రి డ్యూటీకి తన మగ్గాల దగ్గరకు వచ్చి నడిపించాడు.

శేఠ్ భయపడినట్టే అయింది. ఆ వారం ప్రతివాడూ ప్రతి తప్పుకూ వాదించాడు. ముప్పై నాలుగు వాదనలు. వాటిలో రెండింట్లో వాళ్ళదే రైటు. అంతకుముందు ఏళ్ళలో అలాంటివి ఎన్ని ఉండి ఉంటాయో నేను ఆలోచించదలచుకోలేదు.

టీ దగ్గర చెప్పిన మరునాడు ఆదివారం. సంఘంలో సాక్ష్యం వెనక్కి తీసుకోవాలి. మెట్లెక్కుతూ పోసవ్వకు నా ప్రసంగం వినిపించాను. ఇప్పుడు లెక్క సరిచేశాను కాబట్టి ఆ పదకొండూ నర్సయ్యవని నిలబెట్టి చెబుతానన్నాను. ఏడు నెలలు తెలిసి కూడా నోరు మూసుకున్నాడు కదా. అసలు దొంగ వాడే కదా.

ఆమె మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకుంది. "నిన్ను అందరు ఇడిసివెట్టి ఒక్కరోజు గాలే. అప్పుడే సుద్దముక్క పట్టినవా?"

ఈసారి ముప్పై ఏళ్ళ అనుభవం గురించి చెప్పలేదు. లోపలికి వెళ్ళి నా తప్పు చెప్పి కూర్చున్నాను. నర్సయ్య పేరు ఎత్తలేదు. స్తోత్రం అన్నవాళ్ళు ఇద్దరే. చర్చిలో నా లెక్కకు వచ్చిన అత్యల్ప స్పందన అదే.

కూటం అయ్యాక నర్సయ్య మెట్ల కింద నా కోసం నిలబడి ఉన్నాడు. "నాకు నిజంగ తెల్వదన్నా" అన్నాడు. "చర్చికొచ్చినంక దేవుడే నా తప్పులు తీసేస్తున్నడనుకున్న. మంచిగనిపించింది. మళ్ళ అడిగి సూడలే."

నేను చేసిందీ సరిగ్గా అదే కదా. మంచిగా అనిపించింది, మళ్ళీ చూడలేదు. ఎదురుగా ఉన్న దుకాణం బోర్డు చదవమన్నాను. చదవలేకపోయాడు. నలభై ఆరేళ్ళు, కళ్ళద్దాలు పెట్టుకుంటే ముసలోడంటారని సిగ్గు. ఆ సాయంత్రమే తీసుకెళ్ళి కళ్ళు చూపించాను. మూడు నెలలు అతన్ని మగ్గం నుంచి దింపొద్దని మాస్టర్‌ను అడిగాను. నీకెందుకంత జాలి అన్నాడు. నా ఏడు నెలల తప్పును మాత్రం మీరు మూడు రోజుల్లో వదిలేశారు కదా అన్నాను. మూడు నెలలకు నర్సయ్య తప్పులు పదకొండు నుంచి ఆరుకు దిగాయి. ఈసారి గీతకు సరైన పక్కన చూసి చెబుతున్నాను. ప్రార్థనకు తగ్గనివి కళ్ళద్దాలకు తగ్గాయని నేను అన్నాను. అద్దాలు ఇప్పించిందెవరనుకున్నవ్ అని పోసవ్వ అంది. ఆ లెక్క నేను తేల్చలేదు.

చివరిగా

సాయిలు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఎదురైతే పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు, అంతే. నేనూ పలకరించి తొందరపెట్టలేదు. మాఫీ ఇవ్వడం అతని పని, దానికి గడువు పెట్టడం నా పని కాదు. ఏడు నెలల పది రోజులు దాటాక కూడా అడగనని నాలో నేను అనుకున్నాను, అనుకుని మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం టీ సమయంలో నా బల్ల దగ్గరకు వచ్చాడు. అతని తాకాయే బల్ల మీద ఉంది. అప్పటికే మొత్తం చూసేశాను, ఒక్క తప్పూ దొరకలేదు. అప్పటికి నా కుడికన్ను కొంచెం కొంచెం మోసం చేస్తోంది, ఎవరికీ చెప్పలేదు. అతను బట్టను రెండు బారలు వెనక్కి లాగి ఒక చోట ఎడమచేతి వేలు పెట్టాడు.

"గీడ పేక తప్పింది సూడన్నా."

వంగి చూశాను. అద్దం పెట్టాను. ఒక్క పోగు తప్పింది.

"నాకు కనబడలేదు సాయిలూ."

"నాకు కనబడ్డది. నాదే. రాస్కో."

అతను చూపించి ఉండకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఆ మాట అతనితో అనబోయి మానుకున్నాను. సుద్దముక్క కోసం బల్లంతా వెతుక్కున్నాను. అది కింద పడి ఉంది. అతనే వంగి తీసి నా చేతిలో పెట్టాడు.

రాశాను. ఈసారి సాయిలు పేరు మీద, సాయిలే వేలుపెట్టి చూపిన, సాయిలుదే అయిన తప్పు.